పెరటిలోని నీహారిక



నేను ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడుగా పాఠశాలలలో పనిచేసినవాడను. జ్యోతిషము నాకు పంచాంగము గుణించుటకు చాలినంత మాత్రమే తెలియును. అట్టి నేను నీహారికల ఛాయాచిత్రములను గూర్చి మాటలాడుటకు కారణము మా యింటి పెరడు. ఉద్యోగవిరమణానంతరము హైదరాబాదునకు పడమటనున్న కొండాపురములో మా అబ్బాయి యింట నుండుచున్నాను. ఇంటివెనుక, కొబ్బరిచెట్టునకును నీళ్ళతొట్టికిని నడుమ, అతడొక సిమెంటు దిమ్మె కట్టించి, దానిపై మూడంగుళముల కటకముగల చిన్న దూరదర్శినిని నిలిపినాడు. అతని యుద్యోగము హైటెక్ సిటీలో, అదియు రాత్రివేళ. దూరదర్శినికి ఒక చిన్న కంప్యూటరును, కెమెరాను, మోటారులను కట్టియుంచి, కార్యాలయమున కూర్చుండి ఫోనునుండియే ఆజ్ఞలిచ్చుచుండును. ఎవరును లేని పెరటిలో ఆ యంత్రము తనంత మెడ త్రిప్పి, ఒక దిక్కునకు గుఱిపెట్టి, నిశ్చలముగా చూచుచుండును. మొదటి దినములలో రాత్రి నీళ్ళకు లేచినపుడు ఆ మోటారు చప్పుడు విని నేను ఉలికిపడిన మాట వాస్తవము.

ఆ ప్రాంతమును ఎఱిగినవారికి వెంటనే ఒక సందేహము కలుగవలెను. 1998లో సైబర్ టవర్సు భవనము తెఱచిన నాటికి ఆ చుట్టుపట్ల రాళ్ళగుట్టలే యెక్కువ. నేడు మాదాపురము మొదలు గచ్చిబౌలి దాటి నానక్‌రామ్‌గూడ వఱకు అద్దాల మేడలు రాత్రియంతయు వెలుగుచుండును. అమావాస్యనాడు సయితము ఆకాశము నల్లగా నుండదు. కాగిన పాలమీది మీగడ వన్నెలో నుండును. ఒకనాటి రాత్రి పెరటిలో నిలిచి నక్షత్రములను లెక్కించితిని, నలుబది దాటలేదు. మా గుంటూరు జిల్లా పల్లెలో చిన్ననాడు నులకమంచముపై పండుకొని లెక్కింపబూని, లెక్క తెమలకయే నిద్రపోయెడివారము. ఇట్టి పట్టణపు ఆకాశమునుండి, కన్నునకు కానరాని నీహారికను పటము తీయుట యెట్లు? నేడు నేను చెప్పదలచినది ఇదియే.

నీహారిక యనగా మంచువలె తోచు వాయుమేఘము. మన పల్లెవారు గొల్లకావడి యని పిలుచు మూడు చుక్కలు మీరందఱు చూచినవే. ఆ కావడికి క్రిందుగా వ్రేలాడు చిన్న చుక్కలలో నడిమిది చుక్క కాదు, నీహారిక. అందు క్రొత్తగా పుట్టిన వేడినక్షత్రముల అతినీలకాంతి సోకి ఆ వాయువు వెలుగుచున్నది. అది మనకు సుమారు 1,300 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. నేడు మన పెరటిలో పడు ఆ వెలుగు అచ్చట బయలుదేరిన నాటికి వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుచుండిరి. నన్నయ భారతము మొదలుపెట్టుటకు ఇంకను మూడువందల యేండ్లున్నవి. అది చిన్నదియు కాదు. ఆకాశములో దాని వెడల్పు పూర్ణచంద్రబింబమునకు దాదాపు రెండింతలు. నీహారికలు మనకు కానరాకుండుట చిన్నవి యగుటచే కాదు, మసకవి యగుటచే. కన్ను వెలుగును కూడబెట్టజాలదు. క్షణము సేపు చూచినను గంటసేపు చూచినను దానికి కన్పడునది అంతియే. ఛాయాచిత్రఫలకమన్ననో చిల్లర కూడబెట్టు లోభివంటిది. 1880వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన అమెరికాలో హెన్రీ డ్రేపరు అను నతడు ఈ గొల్లకావడి నీహారికనే 51 నిమిషములు ఫలకముపై పట్టి, నీహారికకు తొలి ఛాయాచిత్రమును తీసెను.

అంతసేపు పట్టవలెనన్నచో భూమి ఊరకుండదు గదా! ఆకాశము గంటకు 15 డిగ్రీలు పడమటికి జరుగుచుండును. అందుచే దూరదర్శినిని ఒక యిరుసుపై నిలిపి, ఆ యిరుసును భూమి యిరుసునకు సమాంతరముగా, అనగా ధ్రువునివైపు, వంచి, భూమి తిరుగు వేగముతో దానికి ఎదురుగా త్రిప్పుదురు. ధ్రువుని యెత్తు ఏ యూరి అక్షాంశమో అంతియే. మద్రాసున 13 డిగ్రీలు, కాశిలో 25, మా పెరటిలో 17కు కొంచెము మీఱి. ఈ ఒక్క సంగతిలో మాత్రము మా అబ్బాయి నన్ను సలహా యడిగినాడు.

యంత్రము తానెటు చూచుచున్నదో తాను తెలిసికొను విధానము నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచినది. మొదట ఎటో ఒక చిన్న పటము తీసి, అందలి చుక్కల అమరికను తన యొద్దనున్న నక్షత్రపట్టికతో పోల్చి, ఇది ఫలానా చోటు అని గుర్తించి, తప్పినంత మేర జరుగును. పద్యపాదమొకటి వినిపించిన ఏ కావ్యములోనిదో చెప్పు పాతకాలపు పండితునివలె నన్నమాట. ఆ పట్టికలలో మన హైదరాబాదు పాలు కలదు. 1901లో నవాబు జఫర్ జంగు తన సొంత దూరదర్శినులతో ఫిసల్‌బండలో స్థాపించిన వేధశాల, ఆయన మరణానంతరము 1908లో నిజాం ప్రభుత్వపు వశమై, బేగంపేటకు మాఱినది. అఖిల ప్రపంచపు వేధశాలలు ఆకాశమును పంచుకొని పటములు తీయ సంకల్పించినపుడు, దక్షిణమున 17 మొదలు 23 డిగ్రీల వఱకు గల పట్టీ హైదరాబాదు పాలికి వచ్చినది. తరువాత ఉత్తరమున మఱియొక పట్టీయు చేరినది. ఎనిమిదంగుళముల దూరదర్శినితో గాజుపలకలపై పటములు తీసి, ఏడు లక్షలకు పైబడిన నక్షత్రముల స్థానములను కొలిచి సంపుటములుగా ప్రకటించిరి. 2000లో వెలువడిన టైకో-2 అను పట్టికలో నక్షత్రముల చలనములను లెక్కించుటకు ఆ పాత కొలతలు ఉపకరించినవి. మా పెరటి యంత్రము దారి వెదకికొనునది అట్టి పట్టికల సాయముననే.

అయితే ఆ బేగంపేట వేధశాలకే దీపముల బాధ తప్పలేదు. నగరము పెరిగి ఆకాశము మసకబాఱగా, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు యాబది కిలోమీటరులకు పైబడిన దూరమున జాపాల, రంగాపూరు గ్రామములచెంత 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పుకొనిరి. అది 1968 నాటి మాట. వేధశాల వలె ఇల్లు తరలిపోజాలదు. మఱి దీపముల నడుమనే యుండి పని జరుపుకొను ఉపాయ మేమి?

ఆ యుపాయము గుంటూరులో దొరకినది. ఆ పట్టణమున నేను పదునెనిమిదేండ్లు పాఠము చెప్పియు ఈ సంగతి ఎఱుగనైతిని. మొన్నమొన్న మా అబ్బాయి చెప్పగా వినవలసివచ్చినది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము. దానిని చూచుటకై ఫ్రాన్సు దేశమునుండి జాన్సెను అను శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చి, ఒక ఫ్రెంచి వర్తకుని యింట దిగెను. గ్రహణవేళ సూర్యుని అంచున లేచు ఎఱ్ఱని జ్వాలలను వర్ణపటదర్శినితో పరీక్షింపగా, వాని వెలుగు ఇంద్రధనుస్సువలె పఱచుకొనక, కొన్ని సన్నని గీటులుగా మాత్రమే కన్పడినది. అందు ఉదజని, అనగా హైడ్రోజను వాయువు యొక్క ఎఱ్ఱగీటు మిక్కిలి ప్రకాశమానముగా నుండెను. గ్రహణము లేకయే దీనిని చూడవచ్చునని ఆయనకు తోచినది. మఱునాడు ఉదయమున, పట్టపగటి వెలుగులో, చూచెను కూడ.

ఇందలి యుక్తి చిన్నది. ఒక బిందెడు నీటిని మైదానమంత మేర చల్లినచో నేల తడిసినట్లే తెలియదు. చెంబెడు నీటినే సన్నధారగా ఒకచోట పోసినచో గుంట పడును. పగటి ఆకాశపు వెలుగు ఎంత యెక్కువైనను అది అన్ని వన్నెలలోను పఱచుకొన్నది. జ్వాలల వెలుగు తక్కువైనను ఒక్క గీటున కేంద్రీకృతమైనది. ఆ గీటు నొక్కదానినే చూచినచో తక్కువది యెక్కువదానిని గెలుచును. ఆ గ్రహణమున కన్పడిన పసుపుగీటు తరువాత హీలియమునకు చెందినదని తేలినందున గుంటూరు పేరు చెప్పినపుడు లోకము దానినే తలచును. నాకు మాత్రము ఈ యుక్తియే గొప్పదిగా తోచుచున్నది. అంతకు నాలుగేండ్ల ముందే, 1864లో, ఇంగ్లండున హగిన్సు అను నతడు కొన్ని నీహారికలును ఇట్లే గీటులుగా వెలుగునని కనుగొనియుండెను.

మా పెరటి కెమెరాకు ముందు రూపాయబిళ్ళంతటి గాజు ఒకటి కలదు. అది 656 నానోమీటరుల తరంగదైర్ఘ్యము గల ఉదజని ఎఱుపును, దాని కిరుప్రక్కల కొంచెమును మాత్రమే లోనికి విడుచును. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. కంటికి కన్పించు కాంతి వెడల్పంతయు సుమారు 300 నానోమీటరులు. ఈ గాజు విడుచునది 7 మాత్రమే. వీథిదీపముల వెలుగులో నలుబదింట ముప్పదితొమ్మిది పాళ్ళు ద్వారముకడనే ఆగిపోవును. నీహారిక యెఱుపు దాదాపు యావత్తును లోనికి వచ్చును. గుంటూరున సూర్యుని వెలుగునకు పన్నిన ఉచ్చునే నేడు హైటెక్ సిటీ దీపములకు పన్నుచున్నారు.

అయినను ఒక్క పటముతో పని తీరదు. గత మాఘమాసమున ఆర్ద్రా నక్షత్రమునకు తూర్పుగా నున్న గులాబీపువ్వువంటి రోజెట్టు నీహారికను పట్టదలచినపుడు, ఒక్కొక్క పటమునకు ఐదు నిమిషముల చొప్పున నాలుగు రాత్రులలో 120 పటములు తీయవలసివచ్చినది. కొబ్బరిచెట్టునకును పొరుగు మేడకును నడుమ ఆకాశము రాత్రికి రెండున్నర గంటలే దక్కును గనుక నాలుగు రాత్రులు. ఇన్ని యేల యని యడిగితిని. అతడు చెప్పినది నాకు చక్కగా బోధపడినది, ఏలయనగా అది మా విద్యయే. ఒక కావ్యమునకు తాళపత్రప్రతి యొక్కటియే దొరకినచో, ఏది కవి వ్రాసినదో, ఏది లేఖకుని పొరపాటో తేల్చుట కష్టము. నూఱు ప్రతులు దొరకినచో, తప్పులు ఒక్కొక్క ప్రతిలో ఒక్కొక్క విధముగా నుండును. అన్నిటను ఏకీభవించునది మూలము. ఐదు నిమిషముల పటము ప్రతి యొక్కటియు తప్పులతడక. శంషాబాదునకు దిగు విమానము గీచిన గీత ఒకే ప్రతిలో నుండును గనుక దానిని ప్రక్షిప్తమని కొట్టివేయవచ్చును. నూఱు పటములను కూర్చినచో ఈ కలగాపులగపు చుక్కల మఱుగు పదవవంతునకు తగ్గును. ఇరువదవవంతునకు తగ్గవలెనన్నచో నాలుగువందలు కావలెను. ఇది ఈ విద్యలోని పిసినారి లెక్క.

కాని పరిష్కర్తల కెల్ల తెలిసిన చిక్కు ఒకటున్నది. నూఱు ప్రతులును ఒకే తప్పుల మాతృకనుండి దిగినవైనచో, ఆ తప్పు అన్నిటను ఏకీభవించి మూలమువలె నటించును. కెమెరా పలకలో కొన్ని కణికలు వేడివలన ఎల్లపుడు ఒకే విధముగా అబద్ధమాడును. అందుకై పలకను గడ్డకట్టు చలికి పది డిగ్రీలు దిగువకు చల్లార్తురు. పటమునకు పటమునకు నడుమ దూరదర్శినిని వెండ్రుకవాసి ప్రక్కకు జరుపుదురు. నక్షత్రముల ప్రకారము పటములను మరల ఒకదానిపై నొకటి పేర్చినపుడు నీహారిక కలిసిపోవును, అబద్ధములు చెదరిపోవును.

ఆ నాలుగు రాత్రులలో మూడవనాడు అకాలవర్షము వచ్చినది. రెండుగంటలవేళ ఫోను మ్రోగినది. "నాన్నగారూ, పటంలో చుక్కలు మాయమైనాయి. ఒక్కసారి పెరట్లోకి వెళ్ళి చూస్తారా?" అని అబ్బాయి గొంతు. నేను తలుపు తీయునప్పటికే చినుకులు మొదలైనవి. కప్పవలసిన టార్పాలిను పట్ట చీకటిలో చేతికి దొరకలేదు. నా భుజముమీది శాలువను యంత్రముపై కప్పి, గొడుగు పట్టి, కోడలు పట్టను వెదకి తెచ్చునంతవఱకు నిలిచితిని. ఎక్కడనుండియైనను నడుపదగు యంత్రమునకు గొడుగు పట్టుటకు మాత్రము మనిషి దగ్గరనే యుండవలెను.

పటము పూర్తియైనపుడు అది ఆకుపచ్చ, బంగారు, నీలి వన్నెలతో వెలిగినది. మా మనుమరాలు చూచి, "తాతయ్యా, అది నిజంగా ఈ రంగులోనే ఉంటుందా?" అని యడిగినది. ఆ ప్రశ్న నాకును లోలోపల పోరుచున్నదే. నిజము చెప్పవలెనన్నచో, ఉండదు. ఉదజని గీటు ఎఱుపు. గంధకపు గీటు, 672 నానోమీటరులది, అదియు ఎఱుపే. ప్రాణవాయువుది 501, నీలము కలసిన పచ్చ. రెండెఱుపులను కన్ను వేఱుపఱుపలేదు గనుక గంధకమునకు ఎఱుపును, ఉదజనికి ఆకుపచ్చను, ప్రాణవాయువునకు నీలమును కల్పించి పూయుదురు. 1995లో హబుల్ దూరదర్శిని తీసిన గరుడ నీహారిక స్తంభముల పటముతో ఈ పద్ధతి లోకప్రసిద్ధమైనది. ఎచ్చట ఏ వాయువున్నదో తెలుపుటకు ఇది ఉపయోగమే. కాని అది టీక, మూలము కాదు. టీకను మూలమని చదివించుట నేను ఒప్పుకొనజాలను. ఇంట ఈ విషయమై రెండు దినములు వాదము జరిగినది. తుదకు ఎఱుపు ఎఱుపుగానే యుంచిన పటమొకటియు, కల్పితవర్ణముల పటమొకటియు ప్రక్కప్రక్కన గోడకు వ్రేలాడదీసి, రెండవదాని క్రింద ఏ రంగు ఏ వాయువునకు గుర్తో నా చేతితో వ్రాసితిని.

గుంటూరు యుక్తి వాయుమేఘములకే పనికివచ్చునని కూడ చెప్పవలెను. ఆండ్రోమెడా వంటి నక్షత్రపుంజముల వెలుగు, కోట్లకొలది సూర్యుల వెలుగు గనుక, అన్ని వన్నెలలోను పఱచుకొనియుండును, మా వీథిదీపము వలెనే. వానిని ఏ గాజును వడపోయజాలదు; వానికి చీకటియే కావలెను. అందుచే వెనుక యింటివారి మేడమీద ఆకాశమునకు ఎదురుగా నిలిపిన పెద్దదీపమును గూర్చి నేను పోయి అడిగితిని. ఆర్పిన దొంగలు వత్తురనిరి. ఆర్పవలదు, పైన ఒక రేకు కప్పు వేయుడంటిని. ఒక నెల తరువాత వేసిరి. వారి వాకిలి మునుపటికంటె వెలుగుగా నున్నది, మా పెరటి ఆకాశము కొంత నల్లబడినది.

యంత్రములేనివారును గొల్లకావడి నీహారికను చూడవచ్చును. జనవరి మాసాంతమున చంద్రుడులేని రాత్రి తొమ్మిదిగంటలవేళ దక్షిణముగా తిరిగి, తల బాగుగా ఎత్తి చూడుడు. దీపము కంటబడకుండ గోడచాటున నిలిచి, పావుగంట కన్నులకు చీకటి అలవాటు కానిచ్చి, మామూలు బైనాక్యులరుతో కావడి క్రిందనున్న చుక్కలను పరికింపుడు. నడుమ బూడిదవన్నె మసక కన్పించును. మా మనుమరాలు కొండాపురమునుండియే చూచినది.