ఎదిగే వయస్సులో తుంటి కీలు

తెలుగులో తుంటి అనీ, ఉర్దూలో కూల్హా అనీ మనం పిలిచే కీలు దేహభారాన్ని కాళ్ళకు అందించే సంధి. పుట్టుకతో వచ్చిన ఆకారమే దానికి కడదాకా ఉంటుందని పలువురు తలుస్తారు. అది నిజం కాదు. కౌమారం ముగిసే వరకు ఈ కీలు రూపం మార్చుకొంటూనే ఉంటుంది. మన విద్యార్థులలో కొందరికి, వారి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ మార్పు ఇంకా పూర్తి కాలేదు. కనుకనే ఈ విషయాన్ని వివరింపదలచాము.

తుంటి బంతిగిన్నె కీలు. తొడ ఎముక శిరస్సు బంతి. కటి ఎముకలోని గుంట గిన్నె. బాల్యంలో ఆ గిన్నె ఒకే ఎముక కాదు. ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అనే మూడు ఎముకలు మృదులాస్థితో అతికి ఉంటాయి. బంతి పెరిగేకొద్దీ ఆ మృదులాస్థి కూడా పెరిగి గిన్నెకు లోతునిస్తుంది. బాలికలలో 12-14, బాలురలో 14-16 ఏండ్ల ప్రాంతంలో అది ఎముకగా మారి, మూడూ ఏకమవుతాయి.

తొడ ఎముకలోనూ మార్పు తక్కువ కాదు. పుట్టినపుడు ఎముక మెడ సుమారు 40 డిగ్రీలు ముందుకు తిరిగి ఉంటుంది. పెరుగుదల ముగిసేసరికి అది 15 డిగ్రీల ప్రాంతానికి దిగుతుంది. మెడకూ కాండానికీ నడుమ కోణం కూడా క్రమంగా తగ్గి, పెద్దలలో 125-130 డిగ్రీల వద్ద నిలుస్తుంది.

ఈ మార్పులకు వంశలక్షణంతోపాటు నడక, పరుగు, దేహభారం కారణాలు. ధవళేశ్వరం దిగువన గోదావరి ప్రవాహం ఒకచోట ఒండ్రు పేర్చి లంకను పెంచుతుంది, మరొకచోట ఒడ్డును కోస్తుంది. ఎముక కూడా అంతే. భారం పడిన చోట బలపడుతుంది, పడని చోట పలుచబడుతుంది. జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ఈ సూత్రాన్ని గ్రంథరూపంలో ప్రకటించాడు. ఎదిగే వయస్సులో తీవ్రంగా ఫుట్‌బాల్ ఆడిన బాలురలో శిరస్సు, మెడ కలిసే చోట ఎముక ఉబ్బెత్తుగా పెరగడాన్ని నెదర్లాండ్స్ పరిశోధకులు గమనించారు. ఆటలు మానవలెనని దీని అర్థం కాదు. ఆటకు తగిన విశ్రాంతి కూడా కావలెను.

ఈ దశలో ఒక ప్రమాదం పొంచి ఉన్నది. శిరస్సుకూ మెడకూ నడుమ పెరుగుదలకు ఆధారమైన మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. వేగంగా ఎత్తు పెరిగే కాలంలో ఆ పొర బలహీనపడుతుంది, ఏటవాలుగానూ మారుతుంది. అప్పుడు కొందరిలో శిరస్సు గిన్నెలోనే నిలిచిపోగా, మెడ ముందుకు, పైకి జరుగుతుంది. ముఖ్యంగా 10-16 ఏండ్ల వారిలో, బాలురలో ఎక్కువగా, స్థూలకాయులలో మరింతగా ఇది కనిపిస్తుంది. థైరాయిడ్ లోపం కూడా ఒక కారణం.

చిక్కు ఏమిటంటే, నొప్పి తుంటిలో కాక తొడలోనో, మోకాలిలోనో తెలియవచ్చు. రెండు కీళ్ళకూ ఒకే నాడి శాఖలు వెళ్ళడమే ఇందుకు హేతువు. పెద్దలు "బెణికింది" అనుకొని నూనె మర్దనతో వారాలు గడుపుతారు. ఎక్స్‌రే తీసినా మోకాలికే తీస్తారు. ఈలోగా జారుడు హెచ్చుతుంది. కుంటుతూ నడవడం, పాదం వెలుపలికి తిరగడం, వెల్లకిల పరుండి మోకాలు పైకి మడిస్తే తొడ తనంతట పక్కకు ఒరగడం దీని గుర్తులు. సకాలంలో గుర్తిస్తే ఒక స్క్రూతో శిరస్సును మరింత జారకుండా నిలుపవచ్చు. ఆలస్యమైతే శిరస్సు రూపం చెడి, నడివయస్సు రాకమునుపే కీలు అరిగిపోవచ్చు. హఠాత్తుగా కాలు మోపలేని స్థితి వస్తే శిరస్సుకు రక్తప్రసారమే ఆగిపోయే ప్రమాదం ఉన్నది. అట్టివారిని నడిపించక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

కాకినాడలో 1958లో స్థాపితమైన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నది. మన జిల్లాల వారికి అది అందరాని దూరం కాదు. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటే: ఆటల వేళ కుంటుతూ కనిపించిన విద్యార్థిని మందలించి పరుగెత్తించక, ఆనాడే ఇంటికి కబురు చేయించండి. విద్యార్థి మిత్రులారా, మోకాలి నొప్పితో కుంటుతూ వైద్యుని వద్దకు వెళితే తుంటిని కూడా చూడుమని అడగండి. ఈ కొద్ది ఏండ్లలో కీలు తాల్చిన రూపమే జీవితాంతం మనలను మోస్తుంది.