సున్నపు పనిని సిమెంటు కింద కప్పేయకండి

మసీదు మరమ్మతులకు సొమ్ము చేరగానే మన కమిటీలలో వినిపించే మాటలు సిమెంటు, టైల్స్, ఎనామిల్ రంగు. మెహరాబు చుట్టూ పాత మేస్త్రీ చేత్తో తీర్చిన సున్నపు లతల సంగతి ఎవరికీ గుర్తుండదు.

నిడదవోలు చుట్టుపక్కలంతా కాలువల నేల. గోడలు అడుగు నుంచి చెమ్మ పీలుస్తూనే ఉంటాయి. సున్నపు గచ్చు ఆ చెమ్మను బయటికి పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. లోపల నిలిచిన చెమ్మతో ఉప్పు పేరుకుని పాత ఇటుక పొడిగా రాలుతుంది. పైకి మాత్రం గోడ కొత్తగానే కనిపిస్తుంది!

హైదరాబాదు కుతుబ్‌షాహీ సమాధులకూ సిమెంటు పూశారు. 2013లో ప్రభుత్వంతో కలిసి పని చేపట్టిన ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు ఆ సిమెంటును ఒలిపించి, మళ్లీ సున్నమే పూయించింది. ఆ గుమ్మటాల మొదట్లో చుట్టూ విచ్చుకున్న తామర రేకులుంటాయి. సుల్తానుల వంశం ఇరాన్ నుంచి వచ్చింది, తామర మాత్రం ఈ నేలది. గుడి గోపురానికి బొమ్మలు తీర్చే మేస్త్రీ మసీదు మినారుకూ పనిచేయడం మన ప్రాంతంలోనూ వింతేమీ కాదు.

గానుగ సున్నం, ఇసుక, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు: సరుకు ఇంతే. కూలీ, రోజులూ మాత్రం ఎక్కువ పడతాయి. పని దొరికితేనే ఆ మేస్త్రీల పిల్లలు విద్య నేర్చుకుంటారు.

కనుక దాతలకు మా విన్నపం. చందా ఇచ్చేటప్పుడు పాత పనిని ఏం చేయబోతున్నారో అడగండి. గోడ ముట్టుకునే ముందే ఫోటోలు, కొలతలు తీయించమనండి. విరిగినంత మేరకే సున్నంతో అతుకు వేయించి, పైన వెల్ల వేయించమనండి.