గేమ్ డిస్కుకు నమ్మకమైన నకలు

ప్లేస్టేషన్ ఆట సీడీని కంప్యూటర్లోకి దించుకుంటే సాధారణంగా రెండు రకాల ఫైళ్లు వస్తాయి. డిస్కులోని సమాచారమంతా 'బిన్' ఫైల్లో ఉంటుంది. ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో, అది డేటానో సంగీతమో చెప్పేది 'క్యూ' ఫైలు. ఇది కొద్ది వరసల టెక్స్టు మాత్రమే, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. బిన్ ఫైలు పేరు కూడా ఇందులోనే రాసి ఉంటుంది. అందుకే బిన్ పేరు మార్చి క్యూను అలాగే వదిలేస్తే ఆట తెరుచుకోదు.

సీడీలో ఒక్కో సెక్టారు 2352 బైట్లు. మామూలు డేటా సెక్టారులో ఆటకు పనికొచ్చేది 2048 బైట్లే. మిగతా చోటులో సెక్టారు చిరునామా వంటి వివరాలు, గీతలు పడినా చదవగలిగేలా చేసే 276 బైట్ల సవరణ కోడు ఉంటాయి. స్థలం కలిసొస్తుందని ఆ 2048 బైట్లనే మిగిల్చే ఐఎస్ఓగా మార్చడం మంచిది కాదు. 1994 డిసెంబరు 3న జపాన్‌లో ప్లేస్టేషన్‌తోపాటే వచ్చిన 'రిడ్జ్ రేసర్' ఇందుకు చక్కటి ఉదాహరణ. ఆ ఆట మొత్తం మెమరీలోకి ఎక్కేస్తుంది. రేసులో వినిపించే సంగీతం మాత్రం డిస్కులోని ఆడియో ట్రాకులది. ఆట మధ్యలో డిస్కు తీసి సొంత పాటల సీడీ పెట్టుకుని ఆడేందుకు వీలున్నదీ అందుకే. ఐఎస్ఓలో ఆ ట్రాకులకు చోటే లేదు. కార్లు పరుగెడతాయి కానీ పాట ఉండదు.

ఏదీ పోకుండా పరిమాణం తగ్గించేందుకు పాత ఆటల ఎమ్యులేటర్ అయిన మేమ్ ప్రాజెక్టు రూపొందించిన 'సీహెచ్‌డీమ్యాన్' ఉంది. దీనికి కిటికీలు, బటన్లు ఉండవు. టెర్మినల్‌లో టూల్ పేరు, 'క్రియేట్‌సీడీ' అనే ఆదేశం, '-i' తర్వాత క్యూ ఫైలు పేరు, '-o' తర్వాత కొత్త ఫైలు పేరు వరసగా టైపు చేయాలి. ఇవ్వాల్సింది బిన్ పేరు కాదు, క్యూ పేరే. ఈ టూల్ డిస్కును చిన్న ముక్కలుగా విడదీసి కుదిస్తుంది. సంగీతానికి ఫ్లాక్, డేటాకు ఎల్‌జెడ్‌ఎంఏ వంటి పద్ధతులు వాడుతుంది. మళ్లీ లెక్కగట్టి రాబట్టగల సవరణ కోడును దాచదు, చదివేటప్పుడు తిరిగి పుట్టిస్తుంది. ఈ తెలివే దాని అసలు బలం.

ఫోల్డరు నిండా డిస్కులున్నప్పుడు కమాండ్ లైన్ విలువ తెలుస్తుంది. ప్రతి క్యూ ఫైలుకూ అదే ఆదేశం నడపమని ఒక్క వరస లూపు రాస్తే చాలు, రాత్రికి రాత్రి పని పూర్తవుతుంది.

అయితే పాతవి వెంటనే తుడిచేయకూడదు. 'వెరిఫై' ఆదేశం కొత్త ఫైలును పూర్తిగా విప్పి, డేటానుంచి లెక్కగట్టి లోపల రాసుకున్న ఎస్‌హెచ్‌ఏ-1 ముద్రతో పోలుస్తుంది. ఇది తేల్చేది ఫైలు చెడిందా లేదా అన్నదే. డిస్కునుంచి దించేటప్పుడే తప్పు దొర్లితే కొత్త ఫైలు ఆ తప్పునే భద్రంగా కాపాడుతుంది. కాబట్టి కుదించకముందే బిన్ ఫైళ్ల ముద్రలను రీడంప్ ప్రాజెక్టు నమోదు చేసినవాటితో సరిచూసుకోవాలి. 'ఎక్స్‌ట్రాక్ట్‌సీడీ'తో బిన్, క్యూ తిరిగొస్తాయి. కానీ ట్రాకులన్నీ ఒకే బిన్‌గా వస్తే విడి ట్రాకుల ముద్రలతో సరిపోలవు. అంతమాత్రాన డేటా చెడినట్టు కాదు.