కాన్సరు, గుండెపోటు, ఉపశమన చికిత్స : కాలవిలంబము వలని నష్టము

రోగమునకు మందు లేకపోవుట ఒక కష్టము. మందుండియు అది వేళకు అందకపోవుట మరియొక కష్టము. మొదటిదానిని తీర్చుటకై శాస్త్రజ్ఞులు తమ జీవితములను ధారవోసిరి. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అట్టివారిలో నొకరు. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నాయకత్వమున జరిగిన కృషి నుండి వెలువడిన మెథోట్రెక్సేటు నేటికిని కాన్సరు చికిత్సలో వాడుకలో నున్నది. రెండవ కష్టమును తీర్చుట శాస్త్రజ్ఞుల వలన మాత్రమే కాదు. ఇంటివారును, ఇరుగుపొరుగువారును, ప్రభుత్వమును పూనుకొనవలెను. బెంగుళూరు నగరమునను, తెలుగునాటను జరిగిన కొన్ని పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినచో ఈ విషయము స్పష్టమగును.

వ్యాధికి ముందటి దశ

ఉత్తరాంధ్ర తీరమున, ముఖ్యముగా శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములందు, చుట్టను వెలిగించి నిప్పున్న కొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు చిరకాలముగా కలదు. దీనిని అడ్డపొగ యందురు. ఇది స్త్రీలలో హెచ్చు. నిప్పు సెగయు, పొగయు తిన్నగా అంగిలిని తాకుటచే, ఇతర ప్రాంతములలో అరుదైన అంగిలి కాన్సరు అచ్చట తరచుగా కానవచ్చెను. డెన్మార్కు దేశీయుడైన పిండ్‌బోర్గును, భారతీయులైన మెహతా మొదలగువారును శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామీణులను ఇంటింటికిని పోయి పరీక్షించి, 1971లో ఫలితములను ప్రకటించిరి. వారిలో నూటికి సుమారు 44 మందికి ఈ అలవాటుండెను.

ఇచ్చట గమనింపదగిన దేమనగా, నోటి కాన్సరు సామాన్యముగా ఒక్కనాటితో పుట్టునది కాదు. మొదట నోటిపొర తెల్లబారును, లేదా ఎఱ్ఱని మచ్చ యేర్పడును. ఈ మచ్చలన్నియు కాన్సరుగా మారవు. కాని మారునవి యేవో ముందుగా చెప్పుట కష్టము. నొప్పి లేదు గనుక రోగి లెక్కచేయడు. నొప్పి పుట్టి, పుండు మానక, మెడలో గడ్డ తేలిన పిదపనే వైద్యుని కడకు పోవును. నొప్పి లేనినాడే చూపించుకొనిన, పొగాకు మానుటయు, చిన్న చికిత్సయు చాలవచ్చును. 1986లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, మన దేశమున మూడు ప్రాంతములకు చెందిన సుమారు 36,000 మంది పొగాకు వాడువారికి దాని కీడును బోధించి కొన్ని యేండ్లు పరిశీలించిరి. అనేకులు అలవాటును మానిరి, లేదా తగ్గించిరి. ఎర్నాకుళము ప్రాంతమున తెల్లమచ్చలు కొత్తగా పుట్టుటయు తగ్గెను. మంచిమాట కూడ ఒక మందే యని దీనివలన తెలియుచున్నది.

ఆరు గంటల ఆలస్యము

పొగాకు నోటిని చెఱచుటతో ఆగదు. గుండె రక్తనాళములను గూడ చెఱచును. గుండెకు రక్తము నందించు నాళములో రక్తము గడ్డకట్టి అడ్డుపడినపుడు, ఆ భాగపు కండరము కొద్ది నిమిషములలోనే నశింపనారంభించును. గడ్డను కరగించు మందుగాని, నాళమును తెరచు చికిత్సగాని యెంత త్వరగా అందిన అంత కండరము మిగులును.

బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్యకళాశాల పరిశోధకుల ఆధ్వర్యమున, దేశమందలి 50 నగరములలో 89 ఆసుపత్రులకు వచ్చిన ఇరువదివేలకు పైగా హృద్రోగుల వివరములు సేకరింపబడి, 2008లో ప్రకటింపబడెను. నొప్పి మొదలైనది మొదలు ఆసుపత్రి చేరువఱకు పట్టిన కాలము, మధ్యస్థమున, 360 నిమిషములు. అనగా ఆరు గంటలు. ఆసుపత్రి చేరిన పిదప గడ్డకరగించు మందు పడుటకు పట్టినది 50 నిమిషములు మాత్రమే. కాబట్టి విలంబములో అధికభాగము ఆసుపత్రి గడపకు ఈవలనే జరుగుచున్నది. అజీర్ణమనుకొని సోడా త్రాగి పడుకొనుట, తెల్లవారనిమ్మని వేచియుండుట, పెద్దకుమారుడు వచ్చువఱకు ఆగుట మన యిండ్లలో ఎఱుగని సంగతులు కావు. మధుమేహరోగులకు నొప్పి లేకుండనే చెమటయు, ఆయాసమును మాత్రమే కలుగుటయు గలదు.

ఆ పరిశోధనలోనే మరియొక సత్యము బయటపడెను. నెల దినములలోపల మరణించినవారు బీదలలో నూటికి 8.2 మంది, ధనికులలో 5.5 మంది. వారికందిన చికిత్సలలోని తేడాను లెక్కలోనికి తీసికొనిన పిదప ఈ వ్యత్యాసము కనుపించకపోయెను. అనగా బీదవానిని చంపినది వాని దేహతత్త్వము కాదు, చికిత్స అందకపోవుట.

చివరిదని పొరపడు దశ

ఇక ఉపశమన చికిత్స. ఈ మాట వినగానే, ‘ఇక చేయునది లేదని వైద్యుడు చేతులెత్తినాడు’ అని కుటుంబము కుంగిపోవును. ఇది పొరపాటు. 2010లో అమెరికాలోని బోస్టను నగరమున వెలువడిన పరిశోధనలో, ముదిరిన ఊపిరితిత్తుల కాన్సరు గల 151 మందిలో కొందఱికి మామూలు చికిత్సతో పాటు మొదటినుండియు ఉపశమన చికిత్సయు నిచ్చిరి. వారు సుఖముగా నుండుటయే గాక, మధ్యస్థమున 11.6 నెలలు జీవించిరి, తక్కినవారు 8.9 నెలలు. బాధ తగ్గించుట ఆయువును తగ్గించుట కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

బెంగుళూరున 1973లో వెలసిన కిద్వాయి స్మారక కాన్సరు సంస్థకు పొరుగుననున్న రాయలసీమనుండియు రోగులు వచ్చుచుందురు. మందులకు లొంగని దశకు చేరినవారికై, 1994లో ఏర్పడిన బెంగుళూరు హాస్పిస్ ట్రస్టు, కరుణాశ్రయమను నిలయమును నెలకొల్పి, రుసుము తీసికొనక సేవ చేయుచున్నది. తీవ్రమైన కాన్సరు నొప్పికి మార్ఫిను ప్రధానమైన మందు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు కాఠిన్యముచే అది దొరకుట దుర్లభమయ్యెను. 2014 నాటి సవరణ ఆ చిక్కును కొంత సడలించెను. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికై వాడినపుడు రోగి దానికి బానిస యగునను భయము చాలవఱకు అకారణము.

పునరావాసము దీనిలో భాగమే. స్తనశస్త్రచికిత్స పిదప చేయి వాచకుండుటకు వ్యాయామము, దవడ శస్త్రచికిత్స పిదప నోరు తెరచుట యభ్యసించుట, గుండెపోటు పిదప కొలతగా నడచుట ఇట్టివి. స్వరపేటికను తొలగించినవారికి మాట తిరిగి యిచ్చుటకై, బెంగుళూరు శస్త్రవైద్యుడు విశాల్ రావుగారు ఒక ఇంజనీరు మిత్రునితో గూడి, ఓం అను చిన్న సాధనమును సుమారు 50 రూపాయలకే లభించునట్లు రూపొందించెను. మాట పోయినవానికి మాట వచ్చుట పునర్జన్మము వంటిదే కదా!

నొప్పిలేని మచ్చను చూపించుకొనుట, ఛాతీ నొప్పి పుట్టిన గంటలోపలనే ఆసుపత్రికి బయలుదేరుట, బాధానివారణమును కడపటి దినములకు వాయిదా వేయకుండుట – ఈ మూడింటికిని విశేషధనము కంటె ముందుగా వలసినది తెలివిడి. తెలిసినవారు తెలియనివారికి చెప్పుటయు, దారి యెఱుగని వారిని ఆసుపత్రికి చేర్చుటయు పరనగరమున స్థిరపడిన ఆంధ్రులు తమ స్వజనమునకు చేయగల మేలైన సేవ.