అడవిలో ప్యూమా.. సముద్రంలో సీ ఆటర్! ఎప్పుడూ కలవని ఈ రెండిటికీ ఉన్న లింక్ ఏంటి?

ఈ ఎపిసోడ్‌లో రెండు జంతువుల గురించి మాట్లాడుకుందాం. ఒకటి కొండల్లో తిరిగే ప్యూమా. పిల్లి జాతిదే, కాకపోతే బాగా పెద్దది. రెండోది సముద్రంలో వెల్లకిలా పడుకుని తేలుతూ ఉండే సీ ఆటర్. ఇవి రెండూ జీవితంలో ఒక్కసారి కూడా ఎదురుపడవు. అయినా పిల్లి జాతి నుంచి బయల్దేరిన ఒక చిన్న క్రిమి వల్ల సముద్రంలో ఆటర్లు చచ్చిపోతున్నాయి. ఎలాగో చివరిదాకా వినండి, ఎందుకంటే మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ కథలో మీరు కూడా ఉన్నారు.

ముందు ఈ టాపిక్ నాకెలా తగిలిందో చెప్తా. మా పెద్దమ్మ కూతురు, అంటే నాకు అక్క, కాలిఫోర్నియాలో శాన్ హోసేలో ఉంటుంది. ఒక ఆదివారం మాంటెరే బే అనే సముద్ర తీరానికి వెళ్ళి నాకు వీడియో కాల్ చేసింది. "ఒరేయ్, ఇటు చూడరా, ఎంత ముద్దుగా ఉందో!" అంటూ కెమెరా తిప్పింది. నీళ్ళలో ఒక ఆటర్ వెల్లకిలా పడుకుని, పొట్ట మీద రాయి పెట్టుకుని, ఆ రాయికేసి ఆల్చిప్పని కొట్టుకుంటోంది. టక్ టక్ టక్ మని సౌండ్ నాకు ఫోన్‌లో కూడా వినిపించింది.

ఆ రాత్రి నిద్ర పట్టక వీటి గురించి చదవడం మొదలుపెట్టా. మొదటి గంటంతా "అబ్బా, ఎంత క్యూట్" అనుకుంటూ చదివా. రెండో గంటకి పిల్లి మలం దగ్గరకొచ్చి ఆగిపోయా. పొద్దున్నే అక్కకి ఫోన్ చేసి అడిగాను, "అక్కా, మీ బుజ్జిగాడి లిట్టర్ ఎక్కడ పడేస్తున్నావ్?" అని. బుజ్జిగాడంటే వాళ్ళ పిల్లి. "టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేస్తా. ఏం?" అంది.

సో, ఆ "ఏం?"కి సమాధానమే ఈ ఎపిసోడ్.

ముందు సీ ఆటర్ గురించి. ఆటర్‌ని మన తెలుగులో నీటికుక్క అంటాం. పేరులో కుక్క ఉంది కానీ ఇది కుక్క జాతి కాదు, వీజిల్, బ్యాడ్జర్‌ల కుటుంబం. మన దేశంలో ఉండే నీటికుక్కలు నదుల్లో, చెరువుల్లో, మడ అడవుల్లో తిరుగుతాయి. సీ ఆటర్ మాత్రం పసిఫిక్ సముద్రంలోనే తింటుంది, అక్కడే నిద్రపోతుంది, పిల్లని కూడా అక్కడే కంటుంది. తిమింగలం, డాల్ఫిన్, సీల్ లాగే ఇది కూడా సముద్ర క్షీరదం.

ఇప్పుడు ఒక డౌట్ రావాలి మీకు. ఆ సముద్రం నీళ్ళు చాలా చల్లగా ఉంటాయి. మరి చలికి తట్టుకునేదెలా? తిమింగలాలకీ సీల్స్‌కీ చర్మం కింద మందంగా కొవ్వు పొర ఉంటుంది. ఆటర్‌కి ఆ పొర లేదు. దానికి బదులు బొచ్చు ఉంది. మామూలు బొచ్చు కాదు ఫ్రెండ్స్, మన తల మొత్తం మీద ఉండే వెంట్రుకలు సుమారు లక్ష. ఆటర్‌కి ఒక్క చదరపు అంగుళంలో 10 లక్షల దాకా ఉంటాయి. భూమ్మీద ఏ జంతువుకీ ఇంత ఒత్తైన బొచ్చు లేదు. ఆ బొచ్చు మధ్యలో గాలి ఇరుక్కుని ఉంటుంది కాబట్టి నీళ్ళు చర్మానికి తగలవు.

ఒంట్లో వేడి నిలవాలంటే బొచ్చు ఒక్కటే చాలదు, తిండి కూడా కావాలి. అందుకే ఆటర్ రోజూ తన బరువులో నాలుగో వంతు తింటుంది. అంటే 60 కిలోల మనిషి రోజుకి 15 కిలోల అన్నం తిన్నట్టు! నత్తలు, ఆల్చిప్పలు, పీతలు, ముళ్ళ బంతిలా ఉండే సీ అర్చిన్లు, ఏది దొరికితే అది. ఈ తిండి సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఆ బొచ్చే వాటి కొంప ముంచింది కూడా. 1700లలో మొదలుపెట్టి బొచ్చు వ్యాపారం కోసం వాటిని వేటాడేశారు. 1911లో వేట ఆపాలని దేశాల మధ్య ఒప్పందం జరిగే సమయానికి ప్రపంచం మొత్తంలో మిగిలినవి సుమారు 2,000. కాలిఫోర్నియాలో అయితే ఇక లేవనే అనుకున్నారు. 1938లో బిగ్ సర్ అనే చోట ఓ 50 దాకా ఆటర్లు కనిపించాయి. ఇప్పుడు కాలిఫోర్నియా తీరంలో ఉన్న ఆటర్లన్నీ వాటి సంతానమే. ఇన్నేళ్ళు కాపాడుకుంటూ వచ్చినా సంఖ్య సుమారు 3,000 దగ్గరే ఉంది. ఇంత తక్కువ ఉన్నప్పుడు ప్రతి చావూ లెక్కలోకి వస్తుంది.

ఇక కొండెక్కుదాం. ప్యూమా, కూగర్, మౌంటెన్ లయన్ అని మూడు పేర్లు వింటుంటాం కదా, మూడూ ఒకే జంతువు. ఉత్తరాన కెనడా నుంచి దక్షిణాన చిలీ దాకా ఉంటుంది. ఇంత పెద్దగా ఉండి కూడా ఇది సింహంలా గర్జించలేదు. మన ఇంటి పిల్లిలాగే గుర్రు గుర్రుమంటుంది. కాలిఫోర్నియాలో దీనికి తోడు బాబ్‌క్యాట్ అని పొట్టి తోక అడవి పిల్లి కూడా ఉంది. ఇవి కొండల్లో జింకల్నో కుందేళ్ళనో తిని బతుకుతాయి. ఆల్చిప్పల జోలికి రావు.

మరి లింక్ ఎక్కడ? ఇక్కడే మూడో క్యారెక్టర్ ఎంట్రీ. పేరు టాక్సోప్లాస్మా. ఒకే ఒక్క కణం ఉన్న పరాన్నజీవి. ఇది ఎలుకలో, పక్షిలో, మేకలో, మనిషిలో, ఎందులోనైనా బతకగలదు. కానీ దాని గుడ్లలాంటివి తయారయ్యేది మాత్రం పిల్లి జాతి పేగుల్లోనే. ఇంటి పిల్లి కావచ్చు, వీధి పిల్లి కావచ్చు, ప్యూమా కావచ్చు, ఏదో ఒక పిల్లి ఉండాల్సిందే.

జబ్బున్న ఎలుకనో పిట్టనో పిల్లి తింటుంది. ఆ తర్వాత ఒకటి రెండు వారాల పాటు దాని మలంలో ఈ గుడ్లు లక్షల్లో, కోట్లలో బయటికి వస్తాయి. పిల్లికి చాలాసార్లు జబ్బు చేసినట్టు కూడా తెలియదు. ఆ గుడ్డు సైజు మిల్లీమీటర్‌లో వందో వంతు. గోడ మాత్రం మహా గట్టిది. తడి మట్టిలో ఏడాదికి పైగా బతుకుతుంది, చల్లటి సముద్రపు నీళ్ళలోనూ బతుకుతుంది. క్లోరిన్ వేసినా చావదు. అక్క ఫ్లష్ చేస్తే ప్రాబ్లం ఎందుకో ఇప్పుడు అర్థమైందా? మురుగు నీటిని శుద్ధి చేసే ప్లాంట్ దాటి కూడా ఇది సముద్రంలోకి వెళ్ళిపోయే ఛాన్స్ ఉంది.

టాయిలెట్ ఒక్కటే దారి అనుకోకండి. అసలు పెద్ద దారి వాన. పెరట్లో, పార్కులో, కొండ మీద పడి ఉన్న మలాన్ని వాన కడుగుతుంది. అది కాలువలోకి, కాలువ నుంచి ఏట్లోకి, ఏరు నుంచి సముద్రంలోకి. అక్కడ కెల్ప్ అనే పెద్ద పెద్ద సముద్రపు నాచు అడవిలా పెరుగుతుంది. దాని ఆకుల మీద జిగురుగా ఉంటుంది కదా, ఈ గుడ్లు ఆ జిగురుకి అంటుకుంటాయి. నత్తలు ఆ జిగురుని నాకుతాయి. ఆ నత్తల్ని ఎవరు తింటారు? రోజూ తన బరువులో నాలుగో వంతు తినాల్సిన మన ఆటర్! నత్తలు ఎక్కువగా తినే ఆటర్లలో ఈ జబ్బు ఎక్కువగా ఉందని, ఏటి నీళ్ళు ఎక్కువగా వచ్చి కలిసే చోట ఉన్న ఆటర్లకీ ఎక్కువగా సోకుతోందని పరిశోధనల్లో తేలింది.

సోకిన ప్రతి ఆటరూ చావదు. కొన్నిటికి మాత్రం అది మెదడుకి ఎక్కుతుంది. వణుకు, ఫిట్స్ వస్తాయి, మునిగి తిండి వెతుక్కోలేవు. అలా నీరసించి తేలుతున్న ఆటర్‌కి షార్క్ కాటు పడే ప్రమాదం కూడా ఎక్కువే.

2019లో వచ్చిన ఒక స్టడీలో, ఈ జబ్బుతో చనిపోయిన ఆటర్లలో దొరికిన టాక్సోప్లాస్మా రకం, ఆ దగ్గర్లోని వీధి పిల్లుల్లో, ఒక బాబ్‌క్యాట్‌లో దొరికిన రకం ఒకటేనని తేలింది. 2023లో ఇంకో షాక్. 2020 నుంచి 2022 మధ్య చనిపోయిన నాలుగు ఆటర్లలో చాలా అరుదైన రకం ఒకటి దొరికింది. దాని పేరు కూగ్. అవును, కూగర్‌లోని కూగ్! కెనడాలోని విక్టోరియా అనే ఊళ్ళో 1995లో తాగునీటి ద్వారా వంద మంది దాకా జనానికి టాక్సోప్లాస్మా సోకింది. అప్పుడు వెతికితే కూగర్లలో బయటపడ్డ రకం ఇది. సముద్ర జీవుల్లో దొరకడం అదే మొదటిసారి. ఆ నాలుగు ఆటర్లూ ఒడ్డుకి కొట్టుకొచ్చింది పెద్ద వానలు పడే కాలంలోనే.

ఇది ఒక్క కాలిఫోర్నియా కథే అనుకోవద్దు. హవాయి దీవుల్లో అసలు పిల్లి జాతే లేదు. పిల్లులు మనుషులతో పాటు ఓడల్లో వచ్చాయి. ఇప్పుడు అక్కడ ఉండే మాంక్ సీల్స్, ప్రపంచంలో సుమారు 1,600 మాత్రమే మిగిలిన సీల్స్, ఇదే టాక్సోప్లాస్మాతో చచ్చిపోతున్నాయి.

అయితే తప్పు పిల్లిదా? నేనైతే కాదనే అంటా. ప్యూమా వేల ఏళ్ళుగా ఆ కొండల్లోనే ఉంది, ఆటర్ ఆ సముద్రంలోనే ఉంది. మధ్యలో మారింది మనం. ఒకటి, ఇంటి పిల్లుల్నీ వీధి పిల్లుల్నీ లక్షల్లో పెంచాం. ఎన్ని ప్యూమాలు కలిస్తే వాటికి సాటి వస్తాయి చెప్పండి? రెండు, మట్టి ఉండాల్సిన చోట కాంక్రీట్ వేశాం. మట్టి నీళ్ళని పీల్చుకుంటుంది, కాంక్రీట్ నేరుగా కాలువలోకి తోసేస్తుంది. మూడు, ఏరు సముద్రంలో కలిసే చోట ఉండే చిత్తడి నేలల్ని పూడ్చేశాం. గడ్డి, మొక్కలు ఉన్న చిత్తడి నేలలో నీళ్ళు నెమ్మదిస్తాయి, ఇలాంటి గుడ్లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఆ మొక్కలు పోయి ఉత్త బురద మిగిలితే, సముద్రంలోకి వెళ్ళేవి ఎన్నో రెట్లు పెరుగుతాయి. కాలిఫోర్నియా తన చిత్తడి నేలల్లో 90 శాతం దాకా పోగొట్టుకుంది.

ఇది వింటుంటే నాకు మన కాకినాడ పక్కన కోరింగ గుర్తొచ్చింది. గోదావరి సముద్రంలో కలిసే చోట మడ అడవులు. అక్కడ బావురు పిల్లి ఉంది, అదే ఫిషింగ్ క్యాట్. పిల్లంటే నీళ్ళకి భయపడుతుంది అనుకుంటాం కదా, ఇది నీళ్ళలోకి దూకి చేపని పట్టుకుంటుంది. అదే మడ అడవిలో నీటికుక్కలూ ఉన్నాయి. మడ చెట్ల మధ్య నీళ్ళు కూడా అలాగే నెమ్మదిస్తాయి. రొయ్యల చెరువుల కోసం మడని కొట్టేసేటప్పుడు పోయేది చెట్లొకటే అనుకుంటాం. ఆ పిల్లికి ఇల్లు పోతుంది, నీటికుక్కకి ఇల్లు పోతుంది, ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న జల్లెడ కూడా పోతుంది.

ఓకే, ఇప్పుడు పిల్లిని పెంచుకునేవాళ్ళు కంగారు పడి దాన్ని బయటికి తరిమేయకండి, ప్లీజ్. బయట తిరిగితేనే ఎలుకల్ని తిని జబ్బు తెచ్చుకుంటుంది. ఇంట్లోనే ఉంచి, వండిన తిండో ప్యాకెట్ తిండో పెట్టండి. పచ్చి మాంసం వద్దు. లిట్టర్ ఏ రోజుది ఆ రోజే తీసేయండి, ఎందుకంటే బయటికొచ్చిన గుడ్డు జబ్బు అంటించే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. తీసింది కవర్‌లో గట్టిగా ముడేసి చెత్తబుట్టలో వేయండి. టాయిలెట్‌లో, కాలువలో వద్దు. కాలిఫోర్నియాలో అయితే లిట్టర్ ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొద్దని రాయాలంటూ 2006లో చట్టమే తెచ్చారు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి టాక్సోప్లాస్మా వల్ల మామూలుగా పెద్ద ఇబ్బంది ఉండదు. కడుపుతో ఉన్నవాళ్ళకీ, ఇమ్యూనిటీ తక్కువ ఉన్నవాళ్ళకీ మాత్రం ప్రమాదం. గర్భిణులకి డాక్టర్లు ఒక్కోసారి టార్చ్ టెస్ట్ రాస్తారు చూడండి, అందులో మొదటి అక్షరం టీ అంటే టాక్సోప్లాస్మానే. మీ ఇంట్లో అక్కో వదినో కడుపుతో ఉంటే లిట్టర్ పని మీరు తీసుకోండి. కూరగాయలు బాగా కడగండి, మాంసం బాగా ఉడికించండి.

ఇదంతా అక్కకి ఫోన్‌లో చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అంటే నిన్న నేను వీడియో తీసి మురిసిపోయింది దాన్నే, ఇంటికొచ్చి రోజూ ఫ్లష్ చేస్తున్నది దాని మీదకేనా రా?" అంది. "నీ ఒక్కదాని వల్లే ఏం కాదులే అక్కా" అన్నా. "అందరూ అదే అనుకుంటారు కదరా" అంది. మర్నాడు ఒక ఫోటో పంపింది. బుజ్జిగాడి డబ్బా పక్కన మూత ఉన్న కొత్త చెత్తబుట్ట. కింద ఒక్క ముక్కే రాసింది, "ఆటర్‌కి చెప్పు" అని.

ఇదీ ఫ్రెండ్స్ సంగతి. మీ ఇంట్లో పిల్లి ఉంటే దాని పేరేంటో, లిట్టర్ ఎక్కడ వేస్తున్నారో నిజాయితీగా కామెంట్ చేయండి. పిల్లిని పెంచే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది షేర్ చేయండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త, ఉంటాను!