‘ఇంకా తెలీదు’ అని చెప్పడమూ మా పనే

2020 డిసెంబరు 6, ఆదివారం. పొద్దున్నే మా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. వాళ్ల పుట్టిల్లు ఏలూరు. “మేడమ్, మా వైపు మనుషులు ఉన్నట్టుండి పడిపోతున్నారట. నోట్లో నురగ, ఫిట్స్. కొళాయి నీళ్లు తాగొచ్చా అని అమ్మ అడుగుతోంది. ఏం చెప్పను?”

ఇరవై ఏళ్లకు పైగా కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెబుతున్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. “ఇంకా తెలీదమ్మా” అన్నాను. “తేలేదాకా బయటి నుంచి తెచ్చిన నీళ్లు తాగమను. కాచినంత మాత్రాన అన్ని విషాలూ పోవు. కూరగాయలు బాగా కడగమను. ఎవరైనా పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టడం లాంటివాటితో ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.”

మామూలు డాక్టరు రోగి నాడి పట్టుకుంటాడు. మేం ఊరి నాడి పట్టుకోవాలి. అందుకు మా మొదటి పనిముట్టు లైన్ లిస్ట్. పెద్ద యంత్రమేం కాదు, గళ్లు గీసిన కాగితం. ఒక్కో రోగికి ఒక్కో వరుస: వయసు, వీధి, ఏ గంటకు పడిపోయారు, ముందురోజు ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా. వందల వరుసలు నిండేసరికి కాగితమే మాట్లాడుతుంది. అంటువ్యాధి అయితే ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పడతారు. తప్పు పైపులో ఉంటే రోగులంతా ఆ పైపు వెంటే కనిపిస్తారు. విందు భోజనం చెడితే, తిన్న కొద్ది గంటల్లోనే ఒక్కసారిగా ఆసుపత్రి నిండిపోతుంది.

ఏలూరులో 600 మందికి పైగా జబ్బుపడ్డారు. ఒకరు చనిపోయారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే కోలుకుని ఇళ్లకు వెళ్లారు. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి కూడా నమూనాలు పరీక్షించాయి. చివరికి అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేల్చడానికి ఇంకా పరిశీలన కావాలన్నారు. ఊరికి అది చాలీచాలని జవాబే. కానీ తెలిసినంతే చెప్పడం, తెలియనిది తెలియదనడం సరైన పని.

మా తోటివారిలో కొందరి మాట వేరు. మన పని ప్రభుత్వానికి నివేదిక ఇవ్వడం వరకే, జనంతో మాట్లాడితే గందరగోళం పెరుగుతుంది అంటారు. నేను ఒప్పుకోను. మనం నోరు మూసుకుంటే ఆ ఖాళీని వాట్సాప్ నింపుతుంది.

మాట్లాడితే తప్పు దొర్లే ప్రమాదం ఉంది, నిజమే. 2020 మార్చిలో, కరోనా రోజుల్లో, మా ఊరి రైతుబజారులో నేనే చెప్పాను, జబ్బు లేనివాళ్లకు మాస్కు అక్కర్లేదని. అప్పటి అధికారిక సలహా అదే. ఏప్రిల్ మొదటి వారంలో కేంద్రం మాట మార్చింది: బయటికొస్తే అందరూ ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కైనా కట్టుకోమని సలహా ఇచ్చింది. మళ్లీ అదే బజారుకు వెళ్లాను. ఆకుకూరలమ్మే ఆవిడ అడిగింది: “డాక్టరమ్మా, మొన్న వద్దన్నావుగా?” “అప్పుడు తెలిసింది అంతే. లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా వస్తుందని ఇప్పుడు తెలిసింది. నా మాట మారింది, తప్పు దిద్దుకోవడానికే వచ్చాను” అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, కొంగు తీసి ముక్కు మీదుగా కట్టుకుంది. మా పరిశోధనా పత్రాలన్నిటికంటే ఆ కొంగు ముడి నాకు విలువైనది. నేను వెనక్కి వెళ్లకపోయుంటే ఆవిడ ఇంకెప్పుడూ నా మాట నమ్మేది కాదు.

రేపు మీ వీధిలో ఏదైనా జబ్బు రేగి, మా విద్యార్థులు కాగితాలు పట్టుకుని తలుపు తడితే విసుక్కోకండి. నిన్న ఏం తిన్నారో, ఏ గంటకు కళ్లు తిరిగాయో గుర్తు చేసుకుని చెప్పండి. వాళ్లను మీరూ అడగండి: ఇప్పటిదాకా ఏం తేలింది? తేలలేదంటే, మళ్లీ ఎప్పుడొచ్చి చెబుతారు?