అమ్మమ్మ వంటకు కొలతలు రాసుకున్నారా?

"ఆవకాయలో ఉప్పు ఎంత వెయ్యాలి?" అని ఇంట్లో పెద్దావిడను అడిగి చూడండి. "సరిపడా" అంటుంది. కారం ఎంత అంటే "తగినంత". నూనె ఎంత అంటే "ముక్క మునిగేదాకా". ఆ "సరిపడా" ఎంతో ఆవిడ చేతికి తెలుసు. మనకు తెలియదు. రేపు ఆవిడకు మతిమరుపు వచ్చినా, పక్షవాతంతో మాట పడిపోయినా, ఆ వంట ఆవిడతోనే పోతుంది.

వంటల సంగతిలో డాక్టరుకేం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. పాత వంటను సగమే గుర్తుపెట్టుకుని చేసేవాళ్ళూ, కారణం తెలియకుండా గుడ్డిగా పాటించేవాళ్ళూ ఇద్దరూ చివరకు మా దగ్గరికే వస్తారు.

ముందు ఆవకాయ సంగతే చూద్దాం. ఫ్రిజ్ లేని రోజుల్లో జాడీలో పెట్టిన పచ్చడి మళ్ళీ మామిడికాయలు వచ్చేదాకా నిలవ ఉండాలి. పులుపు, ఉప్పు కలిసి సూక్ష్మజీవులను పెరగనివ్వవు. పైన తేలిన నూనె గాలి తగలకుండా కాపాడుతుంది. తడి గరిటె పెట్టవద్దని పెద్దలు కసురుకోవటం చాదస్తం కాదు. నీటి చుక్క పడితే అక్కడే బూజు మొదలవుతుంది.

రక్తపోటు ఉందని తెలియగానే కొందరు జాడీలో ఉప్పు సగానికి తగ్గిస్తారు. ఇది పొరపాటు. పచ్చడి పాడవుతుంది. బూజు పట్టినదాన్ని పైపైన తీసేసి తినటం ఇంకా హానికరం. తగ్గించవలసింది జాడీలో ఉప్పు కాదు, కంచంలో పచ్చడి. ఉప్పు తక్కువగానే కావాలంటే కొద్దిగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టి, త్వరగా వాడెయ్యండి. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే చిన్న చెంచాకు తలకొట్టి ఒక చెంచా. పప్పు, కూర, పులుసు, మజ్జిగ, అప్పడం అన్నీ ఇందులోకే వస్తాయి. బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు తమకు ఎంత ఉప్పు తగునో తమ డాక్టరునే అడగాలి.

ఇక అన్నం. బ్రిటిషు వారి కాలంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి వ్యాధి విస్తారంగా ఉండేది. కాళ్ళు తిమ్మిర్లెక్కి, ఒళ్ళు వాచి, గుండె దెబ్బతినే జబ్బు ఇది. బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యాన్ని పదేపదే కడిగి, వండి, గంజి వార్చి పారబోస్తే బి-1 విటమిను చాలావరకు పోతుంది. ఉప్పుడు బియ్యంలో అది ఎక్కువగా నిలుస్తుంది. బెరిబెరి పరిశోధన కోసం 1918లో కూనూరులో చిన్నగా మొదలైన సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఇప్పుడు గంజిని తలచుకోండి. గంజిని కుండలో పోసి పులియబెట్టి తరవాణిగా తాగిన ఇళ్ళలో, గంజిలోకి దిగిన పోషకాలు దొడ్లోకి పోకుండా కడుపులోకే చేరేవి. పేదరికపు తిండి అని మనం చిన్నచూపు చూసినదాంట్లో ఇంత విషయం ఉంది. మీ ఇంట్లో తరవాణి కుండ పెట్టిన చెయ్యి ఇంకా ఉంటే ఆ పద్ధతి రాసుకోండి. మధుమేహం ఉన్నవారు మాత్రం గంజి అయినా, చద్దన్నమైనా అన్నం లెక్కలోదేనని మరచిపోకూడదు.

అలాగని పాతదంతా మంచిదేనా? కాదు. బాలింత పథ్యమే తీసుకోండి. వెల్లుల్లి కారం, శొంఠిపొడి, కోస్తాలో సొరపిట్టు మంచివే, నిక్షేపంగా పెట్టండి. కానీ "నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుంది, ఆకుకూరలు తింటే బిడ్డకు విరేచనాలవుతాయి" అని బాలింతను మాడ్చటం తప్పు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావాలి. దాహమైనప్పుడల్లా నీళ్ళు కావాలి. పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, ఆకుకూర, పండ్లు కావాలి. కాన్పులో రక్తం పోయిన మనిషికి కారప్పొడి అన్నం ఒక్కటే పెడితే రక్తహీనత ఎలా తీరుతుంది? అత్తగారి వంటను ఉంచుకోండి, ఆంక్షను వదిలేయండి.

మరి వంట ఎలా రాసుకోవాలి? అడిగి రాసుకుంటే చాలదు. పెద్దావిడ చేస్తూ ఉండగా పక్కన నిలబడాలి. ఆవిడ పిడికెడు తీస్తే, అది గిన్నెలో పడేముందే తూచండి. గిద్ద, సోల, తవ్వ, మానిక అంటే ఆ పాత్ర తెప్పించి మీ ఇంటి గ్లాసుతో కొలవండి. ప్రాంతాన్నిబట్టి ఆ కొలతలు మారతాయి కాబట్టి ఊహించి రాయవద్దు.

ప్రతి వంటకూ ఈ అయిదు సంగతులూ ఉండాలి:

1. సరుకులు, వాటి తూకం.
2. ఎంతసేపు నానాలి, ఎండాలి, ఉడకాలి. అయిందని దేన్నిబట్టి తెలుస్తుంది.
3. ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది, ఎక్కడ పెట్టాలి.
4. ఒక మనిషికి ఒక పూటకు ఎంత వడ్డించేవారు.
5. ఎవరికి, ఎప్పుడు పెట్టేవారు, ఎందుకు.

నాలుగోది అందరూ మరచిపోతారు. సున్నుండలు మంచివే. మినుములు, బెల్లం, నెయ్యి ఎదిగే పిల్లకు బలం. రోజంతా పొలంలో పనిచేసినవాడు రెండు తింటే అరిగిపోయేవి. కుర్చీలో కూర్చుని పనిచేసే ఏభై ఏళ్ళ మనిషి అవే రెండు రోజూ తింటే నడుముకు చేరతాయి. వంట మారలేదు, ఒళ్ళు వంచి చేసే పని తగ్గింది.

మరొక్క మాట. పచ్చళ్ళకు కల్లుప్పు వాడే ఇళ్ళలో రోజువారీ వంటకు అయోడిన్ కలిపిన ఉప్పే వాడండి. గర్భిణికి, చంటిబిడ్డకు అయోడిన్ తప్పనిసరి.

ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం, ఒక తక్కెడ తీసుకుని వంటింట్లోకి వెళ్ళండి. ముందు ఒక్క వంటతో మొదలుపెట్టండి. రాసినదాన్ని చూసి వచ్చేవారం మీరే స్వయంగా చేసి, పెద్దావిడకు రుచి చూపించండి. ఆవిడ "ఇదే" అన్నాక రెండో పేజీ తిప్పండి.